రావణుడి మీసానికి గంజి

మా అప్ప తుంటి ఎముక విరిగి మంచం పట్టిన ఏడాదే నేను గడ్డి ఎండబెట్టడం నేర్చుకున్నాను. ఈ రెండింటికీ సంబంధం ఉంది.

అప్ప అంటే అక్క. విజయనగరం అవతల సముద్రపొడ్డున ఉన్న మా ఊళ్ళో అలాగే అంటారు. ఆమె ముందు పెళ్ళై, ఉక్కు ప్లాంటులో పనిచేసే బావ వెంట భిలాయి వచ్చింది. తర్వాత బావ తనతో పనిచేసే మనిషినే ఒకరిని చూసి, పెళ్ళి చేయించి నన్నూ ఇక్కడికి రప్పించాడు. అప్పది సెక్టర్ 4, మాది సెక్టర్ 6. బావ పోయాడు. మా ఆయన కోక్ ఓవెన్ నుంచి రిటైరయ్యి ఇంట్లో ఉన్నారు. అప్ప కొడుకుదీ ప్లాంటు ఉద్యోగమే. కోడలు భిలాయిలోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. అప్పకి హిందీ అర్థమవుతుంది, జవాబు తెలుగులో వస్తుంది. వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి ఇలాగే పోట్లాడుకుంటున్నారు. ఎవరికీ ఇబ్బంది లేదు.

చిన్నప్పుడు మా ఇద్దరికీ చదువు లేదు. నేను మాత్రం యాభై దాటాక, మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకి తెలుగు నేర్పే క్లాసుకి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. అప్పని కూడా రమ్మన్నాను.

"ఈ వయసులో అ ఆలు దిద్ది ఏటి సేత్తావే? కలెక్టరుకి అర్జీ రాత్తావా?" అంది.

అర్జీ రాయలేదు. ఇది రాస్తున్నాను.

అప్ప పడింది స్నానాల గదిలో కాదు. అందరూ అలాగే అనుకుంటారు. ఇంటి ముందు కూరగాయల బండి దగ్గర పడింది. టమాటాలు ఏరుతూ పక్కకి తిరిగిందట, పడిపోయిందట. పడ్డాక కూడా నేల మీద నుంచే, మెత్తటివి వేయొద్దని బండివాడికి చెప్పిందని కోడలు చెప్పింది. ఆస్పత్రిలో లోపల రాడ్డు వేశారు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఫొటో తీసి, ఎముక బాగానే అతుక్కుంటోంది, ఇక లేచి నడవాలి అన్నాడు డాక్టరు. "ఇప్పుడు లేవకపోతే తర్వాత లేవలేరు. కాళ్ళలో కండ పోతుంది" అని ఆమె ఎదుటే చెప్పాడు.

"మంచిది" అంది అప్ప. ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకుంది.

నడవడానికి నాలుగు కాళ్ళ స్టాండు ఒకటి, వాకరు, కొని తెచ్చాడు కొడుకు. అది గదిలో మూల నిలబడింది. రెండు రోజులు ఖాళీగా ఉంది. మూడో రోజు కోడలు దాని మీద తడి తువ్వాలు ఆరేసింది. తర్వాత ఇంటిల్లిపాదీ ఆరేశారు. మంచి గాలి తగిలే మూల అది. అప్ప తన చెప్పులు కూడా తీయించేసింది. "ఇంక నాకెందుకు? పనిమనిషికి ఇచ్చియ్యి" అంది. కోడలు ఇవ్వలేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి పైన అటక మీద పెట్టేసింది.

వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చేది. ఛత్తీస్‌గఢ్ పిల్ల, బొద్దుగా, నవ్వు ముఖంతో ఉండేది. మంచం మీద కాళ్ళు వంచేది, చాపేది. దానికి అప్ప ఏమీ అనేది కాదు. మంచం దిగాలంటే మాత్రం ఒప్పుకునేది కాదు.

"దాదీ, బస్ పావ్ నీచే రఖియే. ఔర్ కుఛ్ నహీ" అని బతిమాలేది ఆ పిల్ల. కాళ్ళు కింద పెడితే చాలు, ఇంకేమీ వద్దు అని.

"కింద ఏటుందని?" అనేది అప్ప.

కింద గచ్చు ఉంది.

భయపడుతున్నావా అని నేను ఒకసారి అడిగాను. "పడిన కాలు మళ్ళీ పడదని ఎవులైనా రాసిత్తారా?" అంది. ఎవరూ రాసివ్వరు. నేనైతే ఇప్పుడు రాయగలను కానీ, నా మాట చెల్లదు.

దసరాకి ముందు కోడలు గదికి కాస్త కళ రావాలని ఫోన్లో చూసి ఒక పూలకుండీ తెప్పించింది. అందులో ఎండు గడ్డి ఉంది. పొడుగ్గా, కుచ్చుల్లా, గులాబీ రంగులో ఉంది. టీవీ పక్కన పెట్టింది. ఆ సమయానికి నేను అక్కడే ఉన్నాను.

అప్ప గోడ వైపు నుంచి ఇటు తిరిగి చాలాసేపు చూసింది.

"ఏటిది?"

"పంపాస్ గ్రాస్ హై, మాజీ. డెకరేషన్ కే లియే."

"రెల్లు కాదేటి?"

"రెల్లు జైసా హీ హై."

"మరి ఆ రంగేటి? రెల్లుకి జొరమొచ్చిందా?"

కోడలు ముఖం చిన్నబుచ్చుకుని టీ పెట్టడానికి వెళ్ళింది. అప్ప నా వైపు చూసింది.

"మనూరు ఎల్తన్నావు గదా?"

వెళ్తున్నాను. మా తమ్ముడు కొత్తిల్లు కట్టుకున్నాడు, దసరాకి గృహప్రవేశం.

"వొచ్చినప్పుడు రావణుడి మీసం ఒకటి తే. ఇంకా మన గడ్డి ఏది దొరికితే అది తే. ఈ జొరం గడ్డి తీసేసి అది పెట్టించు. రోజూ గోడే సూడాలంటే, సూడ్డానికి ఏటైనా ఉండాల గదా."

"రైల్లో గడ్డి ఎలా తెస్తానే?"

"సముద్రం తెమ్మన్నేదు గదా. గడ్డి తెమ్మన్నాను."

వంటింట్లో కోడలు నా చెయ్యి పట్టుకుని, "దేఖా మౌసీ? ఇన్ని రోజులకి ఏదో ఒకటి అడిగింది" అని సంతోషపడింది. ఆ మాట మాత్రం తెలుగులోనే అంది. నేను సంతోషపడలేదు. అప్ప అడిగింది లేవడానికి కాదు. ఇక లేవకుండా ఉండడానికి గదిని సర్దుకుంటోంది. అయినా తెస్తానన్నాను. చిన్నప్పటి నుంచి అప్ప తెమ్మన్నది తేవడమే నాకు అలవాటు.

రావణుడి మీసం అంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. అది సముద్రపు ఇసకలో పాకే గడ్డి. ఆకులు సూదుల్లా ఉంటాయి. మేకలు కూడా ముట్టవు. దానికి బంతిలాంటి కాయ వస్తుంది, మనిషి తలకాయంత, చుట్టూ ముళ్ళు. ఎండితే కాడ నుంచి తెగిపోతుంది. గాలికి ఇసక మీద దొర్లుకుంటూ పోతుంది. గాలి బాగా ఉంటే మనిషి పరుగుకి అందదు. పిల్లలం దాని వెంటపడేవాళ్ళం, పట్టుకుని చేసేదేమీ లేకపోయినా. నేను వెనక పరిగెత్తేదాన్ని, అందేది కాదు. అప్ప ముందే గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి ఎదురు వెళ్ళి నిలబడి, మడమతో తొక్కి ఆపేది. మాకు చెప్పులు లేవు. అప్ప అరికాలు అప్పట్లో ముళ్ళు దిగేటట్టు ఉండేది కాదు. మొదటి చెప్పులు మేమిద్దరం భిలాయి వచ్చాకే వేసుకున్నాం, ఇక్కడి తారు రోడ్డు ఎండకి తట్టుకోలేక.

ఊళ్ళో గృహప్రవేశం అయిన మర్నాడు కొడవలి పట్టుకుని ఒడ్డుకి వెళ్ళాను. తమ్ముడి భార్య తోడు వచ్చింది. దారి పొడుగునా నవ్వుతూనే ఉంది.

"ఏటి వదినా, భిలాయిలో గడ్డి కూడా దొరకదేటి? అంత పెద్ద ఫేట్రీ పెట్టారు, గడ్డి పెంచలేదా?"

ఇసక దిబ్బల వెనక రెల్లు పూసి ఉంది. కోశాను. ఉప్పుటేరు పక్క మడుగులో జమ్ము ఉంది. దాని కండెలు గోధుమరంగులో, ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా ఉంటాయి. అవీ కోశాను. కాస్త తుంగ కూడా. రావణుడి మీసం మాత్రం వెతకాల్సి వచ్చింది. ఇదివరకు ఒడ్డంతా అదే ఉండేది. ఇప్పుడు సరుగుడు తోటలు వేశారు. చివరికి ఒక తోట కంచెకి చిక్కుకుని ఒక బంతి దొరికింది. ఒకటే. మా వెంటబడి వచ్చిన తమ్ముడి పిల్లలు ఇద్దరు ఫోన్లో ఫొటో తీసుకున్నారు, బంతిని కాదు, దాన్ని ఎత్తుకున్న నన్ను.

గడ్డి కట్టలు చీరలో చుట్టాను. బంతిని ప్రెషర్ కుక్కరు వచ్చిన అట్టపెట్టెలో పెట్టాను. విజయనగరంలో దుర్గ్ రైలెక్కి పై బెర్తు మీద పెట్టాను. కింద బెర్తు ఆయన రాయగడ దాకా తుమ్ముతూనే ఉన్నాడు. టికెట్లు చూసే ఆయన వచ్చి చీర మూట చూసి, ఇది క్యా హై అన్నాడు.

"గడ్డి. ఘాస్."

"ఘర్ మే గాయ్ హై?"

"నహీ."

ఆవు లేని ఇంటికి గడ్డి ఎందుకని ఆయన కాసేపు ఆలోచించాడు. తర్వాత వెళ్ళిపోయాడు. ఆయన అడిగింది మంచి ప్రశ్న. నాకు అప్పుడు తోచలేదు.

దుర్గ్ స్టేషన్‌కి మా ఆయన స్కూటరు తీసుకుని వచ్చారు. మూట విప్పి చూశారు.

"దీని కోసం విజయనగరం దాకా ఎందుకు? ఇదిగో, రైలు పట్టాల పక్క బోలెడు ఉన్నాది. సూడు."

నిజమే. ప్లాట్‌ఫారం దాటాక పట్టాల పక్కన రెల్లు తెల్లగా ఊగుతోంది.

"అది ఇక్కడిది" అన్నాను.

"గడ్డికి కూడా సొంతూరు ఉంటాదేటి?" అన్నారు. స్కూటరు స్టార్టు చేశారు.

గడ్డి రాలిపోకుండా ఎలా ఉంచాలో మా అమ్మాయిని అడిగాను. అది రాయపూర్‌లో ఉంటుంది. తెలుగులో రాసి ఉన్నది ఒకటి వెతికి ఫోన్లో పంపింది, నన్నే చదువుకోమని. ఒక పూట పట్టింది, చదివాను. చిన్న చిన్న కట్టలు కట్టాలి. నీడలో, గాలి ఆడే చోట తలకిందులుగా వేలాడదీయాలి. ఎండాక, కుచ్చు రాలకుండా హెయిర్ స్ప్రే కొట్టాలి. చివరి మాట నేను తప్పు లేకుండా చదివాను, అర్థం మాత్రం కాలేదు. అమ్మాయికి ఫోన్ చేశాను.

"అదేటే?"

"జుట్టు బిర్రుగా నిలబడడానికి కొట్టుకుంటారమ్మా."

"బిర్రుగా నిలబడాలంటే గంజి ఉంది కదా."

"అమ్మా, గంజి కాదు. అమ్మా, విను..."

విన్నాను అని చెప్పి పెట్టేశాను. నలభై ఏళ్ళుగా కాటన్ చీరలకి గంజి పెడుతున్నాను. ఏది బిర్రుగా నిలబడాలో, ఎంత పలచగా పెట్టాలో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ముందు వేలాడదీయడం. మా ఆయన వెనక గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఇనప తీగ లాగారు. ప్లాంటులో పనిచేసిన మనిషి ఇంట్లో తీగ లాగితే దాని మీద గడ్డి కాదు, మనుషులు కూడా వేలాడొచ్చు. కట్టలన్నీ తలకిందులుగా కట్టాం. తెల్లారి ఆయన అటు వెళ్ళినప్పుడల్లా జమ్ము కండెలు నెత్తికి తగిలేవి.

"ఈ ఇంట్లో మనుషులు ఉంటన్నారా, గబ్బిలాలా?" అనేవారు.

వారం పది రోజులకి ఎండాయి. రెల్లు కుచ్చు విచ్చుకుని నూగు రాలడం మొదలైంది. అప్పుడు గంజి వార్చాను. పలచగా కలిపాను. కలిపాక నాకు ఇంకో ఆలోచన వచ్చింది. ఇది అప్ప ఉన్నన్నాళ్ళూ ఉండాలి. మా వైపు ఏది నిలవ ఉండాలన్నా ఉప్పు వేస్తాం. చేపకి ఉప్పు, మామిడికాయకి ఉప్పు, చింతపండుకి ఉప్పు. గడ్డికి మాత్రం వద్దని ఎవరన్నారు? పెద్ద చేత్తో రెండు గుప్పెళ్ళు వేశాను. రెల్లూ, జమ్మూ, తుంగా అన్నీ అందులో ముంచి తీశాను. బంతిని కూడా ముంచాను.

రెల్లు కుచ్చులు తడిసిన పిల్లి తోకల్లా అయ్యాయి. సరే, ఆరాక నిలబడతాయి అనుకున్నాను. ఆరలేదు. ఉప్పు తడిని పట్టి ఉంచింది. తెల్లారి చూస్తే చెమ్మ, మర్నాడు చూస్తే చెమ్మ. వెనక గదంతా పులిసిన గంజి వాసన. బంతి ఒక్కటే ఆరింది. మా ఆయన దాన్ని వేలితో తట్టి, "ఇది బాగా కుదిరింది, యూనిఫారం కాలరులా ఉన్నాది" అన్నారు. మిగతా వాటికి ఎండ తగిలించాల్సిందే.

పొద్దున్నే వాటిని ముందు కాంపౌండులో నవారు మంచం మీద పరిచాను. బంతిని కూడా పక్కన పెట్టాను. పప్పులో పోపు పెట్టడానికి లోపలికి వెళ్ళాను. గేటుకి గడియ వేయమని మా ఆయనకి చెప్పాను. ఆయన పేపరు చదువుతూ ఊఁ అన్నారు.

మా వీధిలో ఒక తెల్ల ఆవు తిరుగుతుంది. ఇక్కడ చాలా ఇళ్ళలో పొద్దున కాల్చిన మొదటి రొట్టె ఆవుకి పెట్టే ఆచారం ఉంది. అందుకని ఆ ఆవు కూడా షిఫ్టు మనిషిలా వేళకి వచ్చి వరసగా గేటు గేటుకీ నిలబడుతుంది. మాది అన్నం తినే ఇల్లు కాబట్టి మా గేటు దగ్గర ఆగదు. ఆ రోజు ఆగింది.

ఆగక ఏం చేస్తుంది? గడ్డి, గంజి, ఉప్పు. మా నాన్న మా ఆవుకి రోజూ కుడితి తొట్టిలో పోసింది అదే. ఊళ్ళో చిన్నప్పుడు ఆ కుడితి కలిపింది నేనే. నా చేత్తోనే కుడితి కలిపి, మంచం మీద వడ్డించి, గేటు తీసిపెట్టాను.

నేను బయటికి వచ్చేసరికి ఆవు చివరి కట్ట నములుతోంది. జమ్ము కండెలు దాని పళ్ళ కింద పగిలి దూది లేచింది. కాంపౌండంతా దూది. ఆవు మూతి మీద దూది. తీగ మీద ఆరేసిన మా ఆయన బనీనుల మీద దూది. పక్క క్వార్టరు దీదీ చేతిలో రొట్టెతో గోడ అవతల నిలబడి చూస్తోంది. ఆవిడ బీహారు నుంచి వచ్చిన పెద్ద మనిషి, చాలా భక్తి. చేతులు జోడించింది.

"అరే దీదీ, గౌమాత కో ఇత్నే ప్రేమ్ సే ఖిలా రహీ హో! బడా పుణ్య్ మిలేగా."

గోమాతకి ఇంత ప్రేమగా తినిపిస్తున్నానట, పెద్ద పుణ్యమట. "హా" అన్నాను. ఇంకేమంటాను?

ఆవు మంచం అంతా నాకి, నెమ్మదిగా వెళ్ళిపోయింది. మా ఆయన పేపరు మడిచి వచ్చారు.

"ఎంత తినేసింది?"

"అంతా."

"గడియ వెయ్యమన్నావేటి నువ్వు?"

"అన్నాను."

ఆయన దూది వైపు చూశారు. తర్వాత మంచం కింద చూశారు. అక్కడ రావణుడి మీసం ఉంది. ఒక పక్క కాస్త తడి. ఆవు మూతి పెట్టి, వెంటనే తీసేసినట్టుంది.

"మేకలే ముట్టనిది ఆవేటి ముడతాది" అన్నారు. చీపురు తెచ్చి ఇవ్వబోయి, నా ముఖం చూసి తనే ఊడ్చారు. ఊడుస్తూ, "పట్టాల పక్కన కోసుకొచ్చేదా? మీ అప్పకేటి తెలుస్తాది?" అన్నారు.

"వద్దు. అప్పకి తెలుస్తుంది."

మర్నాడు బంతిని మళ్ళీ కుక్కరు పెట్టెలో పెట్టుకుని సెక్టర్ 4 వెళ్ళాను. వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చే వేళ చూసుకుని వెళ్ళాను. మందిలో ఉంటే తిట్లు తక్కువ పడతాయని. కానీ ఆ పిల్ల ఇంకా రాలేదు. కోడలు ఒక్కత్తే ఉంది, గదిలో బట్టలు మడతపెడుతోంది. వాకరు మీద మూడు తువ్వాళ్ళు ఉన్నాయి.

అప్పకి పెట్టె ఇచ్చాను. తీసి చూసింది.

"ఇదొక్కటేనా?"

"ఒక్కటే."

"గడ్డేదీ?"

"ఆవు తినేసింది."

"నువ్వు సూత్తూ కూకున్నావా?"

"లోపల పోపు పెడుతున్నాను."

అప్ప బంతిని చేతుల్లో తిప్పింది. దానికి అటూ ఇటూ చూసి, నాలుక చివర ఒక ముల్లుకి తగిలించింది. మేం చిన్నప్పుడు ఒడ్డున దొరికిన ప్రతిదీ అలాగే నాకేవాళ్ళం.

"ఉప్పగా ఉన్నాది" అంది. ఆమె ముఖం కొంచెం మెత్తబడింది.

నేను ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"అది సముద్రం ఉప్పు కాదప్పా. నేనేశాను."

"ఏటీ?"

"గంజిలో ఉప్పు వేశాను. నిలవుంటుందని."

అప్ప బంతిని ఒళ్ళో పెట్టుకుంది.

"గడ్డికి గంజెట్టావు."

"ఆఁ."

"ఉప్పేశావు."

"ఆఁ."

"ఎండలో మంచం మీదెట్టి, గేటు తీసెట్టావు."

"గేటు ఆయన."

"నాన్న ఆవుకి కుడితి కలిపినదానివి నువ్వే గదే?"

"నేనే."

"అందుకేనేటే సదువుకున్నావు?"

అప్ప పొట్ట కదలడం మొదలైంది. గొంతులోంచి చప్పుడు లేదు. దుప్పటి పైకీ కిందకీ ఊగుతోంది. సరిగ్గా అప్పుడు వ్యాయామం అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది.

"దాదీ రో రహీ హై క్యా?" అని కోడలిని అడిగింది, ఏడుస్తోందా అని.

"పతా నహీ" అంది కోడలు, తెలియదని. తను పెళ్ళై ఈ ఇంటికి వచ్చాక అప్ప నవ్వడం ఎక్కువ చూడలేదు.

కోడలు గులాబీ గడ్డి తీసేసి కుండీలో బంతిని పెట్టబోయింది. పట్టలేదు. టీవీ స్టాండు మీద, అప్పకి కనబడేటట్టు పెట్టింది. బాగానే ఉంది. ఇక అప్ప ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు చూడొచ్చు. నేను వచ్చిన పని అయిపోయిందని కుర్చీలో కూర్చున్నాను.

వ్యాయామం అమ్మాయి ఎండలో స్కూటీ తోలుకుని వచ్చింది, చెమటలు పోస్తున్నాయి. ఆ గదిలో ఫ్యాను ఎప్పుడూ ఒకటి మీదే తిరుగుతుంది, గాలికి అప్ప ఎముకలు లాగుతాయని. ఆ పిల్ల ఎవరినీ అడగకుండా ఐదు మీద పెట్టింది.

ముందు క్యాలెండరు లేచింది. తర్వాత బంతి కదిలింది. టీవీ స్టాండు అంచు దాకా వచ్చి ఒక్క క్షణం ఆగి కింద పడింది. పడ్డది ఆగలేదు. గంజి పెట్టిన ముళ్ళు గచ్చు మీద గరగరమని చప్పుడు చేస్తూ దొర్లింది. అటు గోడ దాకా పోయి, తిరిగి వచ్చింది.

"పకడో, పకడో!" అని కోడలు రెండు చేతులతో పట్టుకోబోయి, గుచ్చుకుని వదిలేసింది. వ్యాయామం అమ్మాయి తన సంచి అడ్డం పెట్టింది. బంతి సంచి ఎక్కి అవతల దిగింది. నేను దాని వెనక వంగి వంగి వెళ్ళాను. ఎంత వెనక వెళ్ళినా అది నాకంటే ఒక బెత్తెడు ముందే ఉంది.

"ఎనకాల ఎల్తావేటే!" అని మంచం మీద నుంచి అరిచింది అప్ప. "ఎనకాల ఎల్తే దొరుకుతాదా ఎప్పుడైనా? ఎదురెల్లాల! గాలెటుందో సూసుకుని ఎదురెల్లాల! ఒలే, నువ్వు తప్పుకో! ఆ స్కూటీ గుంటని కూడా తప్పుకోమను!"

మేం ముగ్గురం తప్పుకున్నాం. బంతి గది మధ్యలో ఒక చుట్టు తిరిగి మంచం వైపు వచ్చింది. అప్ప దుప్పటి తీసేసి, మంచిగా ఉన్న కాలు కింద పెట్టి, మడమతో దాన్ని తొక్కింది.

బంతి ఆగింది.

"ఓలమ్మో!" అంది అప్ప.

ఫ్యాను తిరుగుతోంది. అప్ప మంచం అంచున కూర్చుని ఉంది, ఒక కాలు నేల మీద, రెండోది ఇంకా పైన. కింద కాలిని పైకెత్తి మడమ చూసుకుంది. చిన్న రక్తపు చుక్క. అప్ప దాన్ని చాలా కోపంగా చూసింది. ఆ బంతి మీద కోపమా, మెత్తబడిపోయిన మడమ మీద కోపమా తెలియదు.

"ఏటెట్టావే దీనికి? ఇనప సువ్వల్లా ఉన్నాయి."

"గంజి" అన్నాను.

అప్ప కాలు మళ్ళీ కిందకి దించింది. ముల్లుకి తగలకుండా, వేళ్ళ మీద. తర్వాత రెండో కాలు, ఆపరేషన్ అయిన కాలు, రెండు చేతులతో పట్టుకుని మెల్లగా దాని పక్కన దించింది. వ్యాయామం అమ్మాయి నోరు తెరవబోతే కోడలు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా సెప్పులేవీ?" అంది అప్ప.

కోడలు స్టూలు వేసుకుని అటక ఎక్కింది. సంచి దింపింది. ఇక్కడ అటక మీద ఏది పెట్టినా ప్లాంటు దుమ్ము పడుతుంది, సంచి మీద కూడా ఎర్రగా పడి ఉంది. కొంగుతో తుడిచి చెప్పులు కింద పెట్టింది. అప్ప వాటిని ఎవరికో ఇచ్చేయమన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. కాళ్ళు దూర్చుకుంది, కాస్త బిగువు ఉన్నట్టు వేళ్ళు కదిపింది. బంతిని చెప్పు కాలితో మంచం కోడు దగ్గరికి నెట్టి, అక్కడ ఆపి పెట్టింది.

తర్వాత మూలకి చూసింది. వాకరు మీద మూడు తువ్వాళ్ళు ఫ్యాను గాలికి ఊగుతున్నాయి.

"ఆ తువ్వాళ్ళు తియ్యండి" అంది. "ఎప్పుడో ఎండిపోయాయి."

అప్పటి నుంచి సెక్టర్ 4లో వాళ్ళ ఇంట్లో తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి చోటు లేదు. మా ఆయన వెళ్ళి తీగ కట్టి వచ్చారు.